ఉడుకు బుగ్గ కాడ నీరుకట్టె

నీరుకట్టె పాముకు విషం ఉండదు. ఇప్పుడు ఎవరిని అడిగినా చెబుతారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, బెల్లంపల్లి అవతలి అడవిలో మా వాళ్లకు పామంటే పామే.

అక్కడ నేలలోంచి ఉడుకు నీళ్లు ఉబికే బుగ్గ ఒకటి ఉండేది. ఊట దగ్గర చెయ్యి కాలేది. కాలువగా పారి గోరువెచ్చనైన చోట కప్పలు, వాటి కోసం గళ్లుగళ్ల నీరుకట్టెలు చేరేవి. సెలవునాడు గని కార్మికులు ఒళ్లు నొప్పులు పోతాయని అక్కడ స్నానం చేసేవారు. నేను బట్టలు ఉతకడానికి వెంట పోయేదాన్ని.

ఆ రోజు కాలువలో దిగిన మా ఆయన కెవ్వున అరిచాడు. బొటనవేలి మీద రక్తం. గళ్ల పాము రాళ్ల కిందికి జారింది. ఆయన అన్న, మా బావ, తువ్వాలతో పిక్క బిగించి కట్టి, గడ్డం గీసుకునే బ్లేడుతో పాదం కోశాడు. నీళ్లు ఎర్రబడ్డాయి.

విషం ఎక్కిందో లేదో చూడటానికి మా వైపు మిరపకాయ నమిలిస్తారు. కారం తెలియకపోతే ఎక్కినట్టే. సద్దిలోని పచ్చిమిర్చి ఆయన నోట్లో కుక్కారు.

"కారమున్నదా తమ్మీ?"

"లేదన్నా. గడ్డి లెక్కున్నది."

అంతే, అందరికీ పిచ్చి లేచింది. కన్ను మూస్తే చస్తాడని చెంపలు వాయించారు. వేపమండలతో బాదారు. పెదవి చిట్లింది, పన్ను ఊడింది. ఇద్దరు ఛాతీ మీద కూర్చున్నారు. బావ కట్టెలకు తెచ్చిన గొడ్డలి అందుకున్నాడు.

"పాదం తీసేస్తె పానం దక్కుతది. గట్టిగ పట్టుండ్రి!"

పాదం పోతే గనిలో పని పోతుంది. పని పోతే కంపెనీ ఇచ్చిన ఇల్లూ పోతుంది.

"ఆగు బావా! గనిల బీడీ తాగనియ్యరని పొద్దంత తంబాకు, సున్నం దవడకు పెట్టి గా నాలిక సచ్చింది. పిడికెడు కారమేసినా సప్పగున్నదని గిన్నె ఇసిరికొడ్తడు!"

"నీ కూర పంచాయితీ ఇప్పుడా? జరుగు!"

మోచేత్తో పొడిచాడు. రాళ్ల మీద పడ్డాను. అక్కడే రాళ్ల సందులో చెయ్యి పెట్టాను. విషం లేదని తెలిసి చేసిన పని కాదు. తోక దొరికితే గుంజాను. అది వెనక్కి తిరిగి నా మణికట్టు కరిచి వేలాడింది. దాన్నలాగే బావ ముఖం ముందు పెట్టాను.

"గిదే కదా పాము? జరసేపు ఆగి నాకు పెట్టుండ్రి మిరపకాయ!"

ఎవడో పామును లాగి బండకేసి కొట్టాడు. బావ గొడ్డలి కింద పెట్టాడు. చెట్టు నీడ జరిగేదాకా నా ముఖమే చూస్తూ కూర్చున్నారు. తర్వాత మిరపకాయ నమిలాను. కారానికి కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారాయి, దగ్గుతో ఊపిరాడలేదు.

బావ ఆయన పిక్కకు కట్టిన తువ్వాల విప్పాడు. లేచి వచ్చి నా చెంప పగలగొట్టాడు.

"నువ్వు సస్తే మీ బాపుకు ఏం జవాబు చెప్పాలె?"

ఆ తర్వాత గడ్డపారలతో రాళ్లన్నీ పెకిలించి, దొరికిన ప్రతి పామునూ చితక్కొట్టారు.

పాము కరిచిన చోట మచ్చ కూడా మిగలలేదు. బ్లేడు కోసిన చోట చీము పట్టింది. రోజూ కట్టు కట్టించడానికి బావే ఆయన్ని వీపున మోసుకుని దవాఖానకు పోయేవాడు. పాదం కోసిన కోపం ఆయనకు తగ్గలేదు. ఒకనాడు దారిలో మా ఆయన బావ చెవిని రక్తం వచ్చేలా కొరికాడు. బావ కింద పడేయలేదు, తిట్టలేదు. మెడ మీదికి కారుతున్నా అలాగే నడిచాడు.

పుండు మానింది. ఆయన మళ్లీ గనిలోకి దిగాడు.