కాలేజీకి వాకబు

మా పెద్దత్తయ్య వాకబుకి బయల్దేరిందని తెలిస్తే రాజోలు చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికొడుకుల తండ్రులు ముందుగా పెరళ్లు ఊడ్పించుకునేవారు. నాన్నగారికి ఆవిడ పెద్దక్క. మా ఇంటికి రెండు వీధుల అవతలే కాపురం. బంధువుల్లో ఏ ఆడపిల్లకి సంబంధం వచ్చినా, జాతకాలు చూపించకముందే అత్తయ్యకి కబురెళ్లేది. ఆవిడ గొడుగూ చేతిసంచీ పట్టుకుని, కొబ్బరి మొక్కలు కొనడానికి వచ్చినట్టు ఆ ఊళ్లో దిగేది. వీధి అరుగు వంక కన్నెత్తి చూసేది కాదు. అరుగు చుట్టాల కోసం కట్టేది, పెరడు చూస్తేనే ఇల్లు తెలుస్తుంది అనేది. గేదెల డొక్కలు చూసేది, నూతి గట్టు చూసేది, ఆ ఇంటి బట్టలుతికే ఆవిణ్ణి మంచినీళ్లడిగి అరగంట కూర్చునేది. సాయంత్రానికి తిరిగొచ్చి ఒక్క ముక్క చెప్పేది. కుదురుతుంది, లేకపోతే వద్దు. ఆ మాట మీద ఇక అప్పీలు లేదు.

అలాంటి మనిషిని నాన్నగారు నా ఇంజినీరింగు కాలేజీకి వాకబు చెయ్యమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

తొంభైల చివర మాట ఇది. ఎంసెట్‌లో నాకు నాలుగంకెల రాంకు వచ్చింది. మొదటి వందలోవాళ్లలా కాలరెగరేసుకుని తిరిగేదీ కాదు, తలొంచుకోవలసిందీ కాదు. కౌన్సెలింగు రోజున అదృష్టం బావుంటే విశాఖపట్నంలో పాత కాలేజీలో ఎలక్ట్రానిక్స్ వస్తుంది, లేకపోతే లేదు. నాకు అక్కడికే వెళ్లాలని ఉంది. నాన్నగారికి బస్సులో గంటన్నర దూరంలో కొత్తగా పెట్టిన కాలేజీలో చేర్పించాలని ఉంది. సంగతంతా ఇంతే. దీని మీద మా ఇంట్లో నెల రోజులపాటు కంచాలు గట్టిగా చప్పుడయ్యాయి.

పోనీ నాన్నగారు చదువు వద్దనే రకం కాదు. ఆయన భయం వేరు. అంతకు కొన్నాళ్ల క్రితమే మా కోనసీమని తుఫాను ఊడ్చిపెట్టేసింది. కాకినాడలో ఉండే మా చిన్నత్తయ్య బతికుందో లేదో ఆరు రోజులు తెలియలేదు. ఫోన్లు లేవు, బస్సులు లేవు. రోడ్డంతా పడిపోయిన కొబ్బరిచెట్లు. నాన్నగారు వాటి మీదుగా నడిచి, దొరికిన పడవ ఎక్కి వెళ్లారు. చిన్నత్తయ్య నిక్షేపంలా ఉంది. వెళ్లిన మనిషే సగమై తిరిగొచ్చారు. అప్పట్నుంచి ఆయనకి ఒకటే మాట, పిల్ల తను నడిచైనా వెళ్లి చేరుకోగలిగే దూరంలో ఉండాలి. ఈ మాటకి ఎదురు చెప్పడం ఎలాగో నాకు తెలిసేది కాదు. కోపం మాత్రం వచ్చేది.

నా వైపు ఉన్నది ఒక్క ఇంగ్లీషు పత్రికే. తాటిపాకలో చమురు కంపెనీలో పనిచేసే ఆయన ఒకరు మా పక్కింట్లో అద్దెకుండేవారు. నా రాంకు సంగతి విని, దేశంలో మేలైన కాలేజీల జాబితా వేసిన సంచిక తెచ్చిచ్చారు. ఆ పేజీలు తెరిచి నేను మళ్లీ మళ్లీ చదివాను. ఎక్కడో ఢిల్లీలో ఎవరో కూర్చుని, దేశంలో కాలేజీలన్నిటినీ బడిపిల్లల్లా ఎత్తుల వారీగా వరసలో నిలబెట్టారు! పక్కనే మార్కులు. పాఠాలకిన్ని, లేబరేటరీలకిన్ని, లైబ్రరీకిన్ని. పిల్లలకి కాలేజీలు రాంకులివ్వడం తెలుసు గానీ కాలేజీలకే ఎవరో రాంకులిస్తారని నాకు అంతవరకూ తెలియదు. ఆ వరసలో, కాస్త కిందుగానే అయినా, మా విశాఖపట్నం కాలేజీ ఉంది. నేను దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి, నాన్నగారు పేపరు చదివే కుర్చీలో పెట్టాను.

ఆయన దాన్ని తీసుకెళ్లి అక్కగారి చేతిలో పెట్టారు. నన్ను పిలిచి తెలుగులో చదివి వినిపించమన్నారు. అత్తయ్య కళ్లజోడు ముక్కు మీదికి దింపుకుని, మొదట్నుంచి చివరిదాకా ఊఁ కొడుతూ వింది.

"ఈ వరసేసినవాళ్లు పెరట్లోకెళ్లి చూసేరా?" అని అడిగింది.

వాళ్లు లెక్కలు కట్టి వేశారని చెప్పాను. లెక్కలు తెప్పించుకుని కట్టేరా, వెళ్లి కట్టేరా అంది. నాకు తెలియదు. అయితే ఎవరో ఒకళ్లు వెళ్లాలి కదా అంది. నాన్నగారు అదే అవకాశమనుకుని, నువ్వే వెళ్లక్కా అన్నారు. పదూళ్ల సంబంధాలు తిరగగొట్టిన మనిషి. ఇంటికి నూటయాభై మైళ్ల అవతల కాలేజీని ఆవిడ మెచ్చుకోవడం కల్ల.

ముందు దగ్గర కాలేజీకి వెళ్లొచ్చింది. వంటశాలలో అన్నం మెత్తగా వండుతున్నారట, పిల్లలు మేష్టర్లని చూసి నవ్వుతున్నారట, గోడలకింకా సున్నం వాసన పోలేదట. కుదురుతుంది అంది. నాన్నగారు ఆ పూట రెండోసారి కూర వడ్డించుకున్నారు. నేను అన్నం దగ్గర్నుంచి లేచిపోయాను.

విశాఖపట్నానికి ముగ్గురం వెళ్లాం. కౌన్సెలింగు అక్కడే. రెండు రోజులు ముందుగా బయల్దేరదీసింది అత్తయ్యే. రాజమండ్రిదాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు, స్టేషను దగ్గర సత్రంలో మకాం. మర్నాడు పొద్దున్నే నన్ను తోడు తీసుకుని కాలేజీకి బయల్దేరింది.

ఆ కాలేజీని చూసి నేను గేటు దగ్గరే ఆగిపోయాను. ఏముందక్కడ, బంగారం పోతపోశారా అంటే అదేం కాదు. లోపల రోడ్లున్నాయి. రోడ్లకి మలుపులున్నాయి. ఒక్కో శాఖకి ఒక్కో మేడ ఉంది. మా జూనియరు కాలేజీలో అన్నిటికీ కలిపి ఒక తాళంచెవుల గుత్తి ఉండేది, అది అటెండరు నడుముకి వేలాడేది. ఇక్కడ తాళమే కనిపించదు. దూరాన సముద్రం చప్పుడు. ఇంత పెద్ద చోటు చదువు కోసం కట్టారా అనిపించింది.

అత్తయ్య మాత్రం పనిలో ఉంది. ఆఫీసు వైపు తిరిగి కూడా చూడలేదు. ఆడపిల్లల హాస్టలు వెనక్కి వెళ్లి, కూరలు తరిగే ఆవిడ పక్కన కూర్చుని, తనూ ఒక కత్తిపీట లాక్కుని బెండకాయలు తరిగింది. వెనకాల ఆరేసిన బట్టలు చూసింది. గేటు దగ్గర జిరాక్సు కొట్టు అతన్ని, పరీక్షల ముందు పిల్లలు ఎక్కువొస్తారా ఏడాదంతా వస్తారా అని ఆరా తీసింది. ఏం తెలిసిందో మాత్రం నాకు చెప్పదు. నేను కాలుకాలిన పిల్లిలా ఆవిడ వెనకాల తిరిగాను.

సాయంత్రం లైబ్రరీ గుమ్మం దగ్గరికి వచ్చాం. లోపల పొడుగు బల్లలు, బల్లల నిండా పిల్లలు. సగం మంది ఆడపిల్లలే. ఒక్క మాట వినిపించడం లేదు, కాగితాలు తిప్పే చప్పుడు తప్ప. అత్తయ్య చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. అక్కర్లేదమ్మా, వేసుకోండి అన్నాడు కాపలా అతను. పరవాలేదండి అంది కానీ వేసుకోలేదు. గుమ్మానికి దగ్గర్లో ఒక అమ్మాయి చదువుకుంటోంది. అత్తయ్య వెళ్లి ఆ అమ్మాయి కుర్చీ పక్కనే నిలబడింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఆ పిల్ల తలెత్తలేదు. పేజీ తిప్పింది, ఏదో రాసుకుంది, మళ్లీ చదువుకుంది. మా అత్తయ్య వచ్చి పక్కన నిలబడితే లేచి నిలబడని ఆడపిల్లని నేను అంతవరకూ చూడలేదు. అయిపోయింది, ఇక ఈ కాలేజీకి నీళ్లొదులుకోవడమే అనుకున్నాను.

సత్రానికి వచ్చాక నాన్నగారు ఏమంటావక్కా అని అడిగారు. ఆవిడ జవాబు చెప్పకుండా చెంబు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. అలా ఏ వాకబు తరవాతా జరగలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, నాన్నగారు అది తన వైపే అనుకున్నారు.

కౌన్సెలింగు హాలు ఇంకో వింత. గోడ పొడుగునా టీవీలు పెట్టారు. వాటి మీద ఒక్కో కాలేజీ పేరు, పక్కన ఎన్ని సీట్లు మిగిలాయో అంకె. లోపల ఎవరో ఒక పిల్ల ఒక సీటు తీసుకోగానే బయట ఆ అంకె ఒకటి తగ్గేది. తగ్గినప్పుడల్లా వందలమంది తల్లిదండ్రులు ఒక్కసారిగా ఊపిరి వదిలేవారు. రాష్ట్రంలో ఎక్కడెక్కడి కాలేజీలూ ఆ గోడ మీద మా కళ్ల ముందు నిండిపోతున్నాయి. మా ఊళ్లో ఒక గట్టు తగాదా తేలడానికి మూడేళ్లు పట్టింది. ఇక్కడ రెండు నిమిషాలకి ఒకళ్ల బతుకు తేలిపోతోంది.

మేం కూర్చునేటప్పటికి ఆడపిల్లల కోటాలో నాకు కావలసిన సీట్లు మూడున్నాయి. చూస్తూ ఉండగా రెండయ్యాయి. నా నంబరు పిలిచేసరికి ఒకటుంది.

పిల్లతో ఒకళ్లనే లోపలికి పంపుతారు. నాన్నగారు లేచారు, మళ్లీ కూర్చున్నారు. నా మొహం చూడకుండా, నువ్వెళ్లక్కా అన్నారు. అది ఏడిస్తే నేను ఒప్పేసుకుంటాను, నువ్వయితే గట్టిగా ఉంటావు, దగ్గరదే రాయించు అన్నారు. నా ఎదుటే అన్నారు. అత్తయ్య అలాగేలే అంది. అప్పుడు నాకు వాళ్లిద్దరి మీదా వచ్చిన కోపం ఇన్నేళ్లయినా పూర్తిగా చల్లారలేదు.

లోపల కంప్యూటరు ముందు ఒక పెద్దమనిషి కూర్చున్నారు. సర్టిఫికెట్లు చూసి, నన్ను వదిలేసి, వయసులో పెద్దదని అత్తయ్యనే అడిగారు, ఎక్కడ కావాలండీ అని. అత్తయ్య మాట్లాడలేదు. ఏదైనా ఒక్క ముక్కలో తేల్చేసే మనిషి! ఆయన మళ్లీ అడిగారు. చెప్పండమ్మా, వెనకాల జనం ఉన్నారు అన్నారు.

"నన్నడుగుతారేంటండీ? చదివేది అదండి. దాన్నడగండి" అంది.

ఆయన నా వైపు తిరిగారు. ఆవిడా నా వైపు తిరిగింది. నెల రోజులుగా ఇంట్లో అరిచిన గొంతు, ఆ క్షణాన ఎక్కడికి పోయిందో పోయింది. నోరు తెరిస్తే గాలి వచ్చింది. గొంతు సవరించుకుని, "విశాఖపట్నం కాలేజీ, ఎలక్ట్రానిక్స్" అన్నాను. ఆయన టకటకా కొట్టారు. పక్కనున్న ప్రింటరు కీచుమంటూ ఒక కాగితం బయటికి తోసింది. బయటికి వచ్చి చూద్దును కదా, గోడ మీద ఒకటి ఉన్న చోట సున్నా ఉంది. నేను మూడు మాటలంటే గోడ మీద అంకె మారిపోయింది. నా మాటకి ఏదైనా మారడం నేను చూడటం అదే మొదటిసారి.

నాన్నగారు కాగితం తీసుకుని చదివారు. ఇదేంటక్కా అన్నారు. దాన్ని అడిగేరు, అది చెప్పింది అంది అత్తయ్య. నువ్వున్నావు కదా అన్నారు. ఉన్నాను, విన్నాను అంది. ఆయన కాగితం మళ్లీ మొదట్నుంచి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. తిట్టలేదు. కాసేపయ్యాక, ఇక్కణ్ణుంచి రాజమండ్రికి రోజుకెన్ని రైళ్లో కనుక్కుంటానని స్టేషనుకి వెళ్లారు. వెళ్తున్న ఆయన వీపు చూసి నాకు దుఃఖం ఆగలేదు. గెలిచినందుకు ఏడ్చానో, ఆయన్ని ఓడించినందుకు ఏడ్చానో తెలియదు.

మర్నాడు రాజమండ్రిలో బస్సెక్కాక నాన్నగారు ముందు సీట్లో కునుకు తీస్తుంటే అత్తయ్యని అడిగాను, ఎందుకలా చేశావని. నీకు ఉపకారం చేద్దామని కాదులే అంది. కిటికీలోంచి చూస్తూ మెల్లగా చెప్పింది.

"ఇన్ని సంబంధాలకి వెళ్లేను. నూతులు చూసేను, గేదెల్ని చూసేను. ఏ పిల్లనీ అడగలేదే. నన్నూ అడగలేదు. అడిగితే ఏం చెప్తారో ఎప్పుడూ వినలేదు. ఒక్కసారి విందామనిపించింది."

రావులపాలెంలో బస్సు ఆగి మళ్లీ కదిలింది. అప్పుడు నా మోచెయ్యి పొడిచి, ఆ కంప్యూటరు దగ్గరాయనతో ఎలా చెప్పేవో మళ్లీ చెప్పు అంది. చెప్పాను. అలా కాదు, అక్కడ ఇంకా గట్టిగా చెప్పేవు అంది. గట్టిగా చెప్పాను, కండక్టరు తిరిగి చూశాడు. కొత్తపేట వచ్చేలోపు నా చేత ఇంకో మూడుసార్లు చెప్పించుకుంది.