సన్నాలు, దొడ్డువి

విత్తనాల కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగమంటే గింజలను చూస్తూ జీతం తీసుకోవడం. 2011లో నేను చేసింది అదే. మా గోదాము విమానాశ్రయం దగ్గర, మామిడిపల్లి దాటాక ఉండేది. దిగే విమానాలు మా రేకుల కప్పు మీదుగా, కప్పు మీది తుప్పు పైలట్లకు కనపడేంత దగ్గరగా వెళ్లేవి. లోపల వరి విత్తనాల బస్తాల మీద పావురాలు కాపురం పెట్టాయి. రెట్ట పడిన బస్తాను తనిఖీవాళ్లు వెనక్కి పంపేవారు. వలలు కట్టించమని రాస్తే, ఆలోచిస్తున్నామని పై ఆఫీసు జవాబిచ్చింది. ఆరు నెలలు ఆలోచించింది. పావురాలు అన్నాళ్లు ఆలోచించకుండా గుడ్లు పెట్టాయి.

చివరికి మా మేనేజరు ఊళ్లోంచి ఒక ముసలి రైతును పిలిపించాడు. ఆయన దగ్గర పంట కాపలాకు లైసెన్సున్న తుపాకి ఉంది. గోదాములో ఉన్నదీ పంటే కదా అని మేనేజరు వాదన. ఆ వాదన బయట ఎవరితోనూ అనవద్దని చెప్పింది కూడా ఆయనే.

నేను ఊహించుకున్న తుపాకి వేరు. ఇది సన్నటి ఒంటి గొట్టం. లోపల మెలిక గాడులు లేవు, నున్నగా ఉంటుంది. తూటా చూపుడువేలంత. దాన్నిండా చిన్న చిన్న సీసపు గుండ్లు.

"ఏం తుపాకి ఇది, పెద్దాయనా?" అని అడిగాను.

"చార్‌సౌ దస్ సారూ. చార్‌సౌ బీస్ గాదు. గది మీ మేనేజరు." నాలుగు వందల పది ఆ గొట్టం కొలత; నాలుగు వందల ఇరవై అంటే మోసగాడని అందరికీ తెలిసిందే.

తూటాలు రెండు రకాలు తెచ్చాడు. ఇక్కడ బియ్యాన్ని సన్నాలు, దొడ్డువి అన్నట్టే వాటినీ అనేవాడు. సన్నాల్లో ఆవగింజలంత గుండ్లు, పిట్టలకు. దొడ్డువాటిలో మిరియాలంత గుండ్లు, పొలంలో అడవిపందులను బెదిరించడానికి. పైకి రెండూ ఒకేలా ఉండేవి. అందుకే రెండు డబ్బాల్లో విడివిడిగా, మూతల మీద సుద్దతో గీతలు పెట్టి ఉంచేవాడు. గోదాములో సన్నాలే కాల్చాలి. ఎందుకంటే గోదాము చివర ఒక రేకుల గోడ ఉంది. దాని అవతల గింజలు ఏరే గది. ఐదుగురు ఆడవాళ్లు చాటలతో కింద కూర్చునేవారు. వారందరికీ పెద్దదిక్కయిన అక్కకు నడుం నొప్పి. రోజంతా రేకు గోడకు వీపు ఆనించి కూర్చునేది. పావురాలు వాలే ఇనుప దూలం సరిగ్గా ఆ గోడ పైనే ఉంది; గుండ్లు విచ్చుకుంటే కింది రేకుకు తగలక మానవు.

"బాపూ, మా వీపులు జల్లెడలైతయా ఏంది?" అని అక్క మొదటిరోజే నిలదీసింది.

ఆయన అలాంటిదే ఒక రేకు ముక్కను పెరట్లో నిలబెట్టి సన్నాలు కాల్చి చూపించాడు. రేకుకు తట్టు పోసినట్టు సొట్టలు పడ్డాయి. చిల్లు ఒక్కటీ లేదు.

"సన్నాలకు రేకు దాటే దమ్ము లేదు బిడ్డా" అన్నాడు.

ఆడవాళ్లను కాసేపు బయట కూర్చోబెడదామని నేను అన్నాను. పని ఆగుతుందని మేనేజరు అన్నాడు. నేను గట్టిగా వాదించానని చెప్పాలని ఉంది గానీ, టీ తాగడానికి వెళ్లాను.

ముసలాయనకు మూడు నియమాలున్నాయి. ఒకటి, విమానం నెత్తిమీదికి వచ్చినప్పుడే పేల్చడం. ఆ మోతలో తుపాకి చప్పుడు కలిసిపోతుంది, ఎవరి గుండే ఝల్లుమనదు, ఎవరూ పోలీసులకు ఫోన్ చేయరు. రెండు, ఎగిరే పిట్టను కొట్టకపోవడం. మూడోది నాకే చెప్పాడు: "తుపాకి భుజం మీదున్నప్పుడు నన్ను ముట్టొద్దు సారూ. ఏలు దేని మీద ఉంటదో తెలుసు గద."

తూటాలు నా బీరువాలో ఉండేవి. ఆయన డబ్బాలు తుప్పు పట్టి, సుద్ద గీతలు చెరిగిపోతుంటే నాకు చేయి ఊరుకోలేదు. ఒక సోమవారం పొద్దున ఆ తూటాలన్నీ బల్ల మీద పోసి, శుభ్రమైన నమూనా డబ్బాల్లోకి మార్చాను. పోసేటప్పుడు రెండూ కలిసిపోయాయి. కంగారుపడలేదు, తూటాల మీద నంబర్లున్నాయి. కొన్నిటి మీద తొమ్మిది, కొన్నిటి మీద నాలుగు. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, నాలుగు కంటే తొమ్మిది పెద్దదని తెలుసు. తొమ్మిదివి ఒక డబ్బాలో వేసి 'దొడ్డువి' అని రాశాను. నాలుగువి ఇంకో దాంట్లో వేసి 'సన్నాలు' అని రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

మధ్యాహ్నం ముసలాయన వచ్చి సన్నాలు రెండు అడిగాడు. ఇచ్చాను.

ఆయన వెళ్లాక డబ్బాలు బీరువాలో సర్దుతుంటే దొడ్డు డబ్బాలోంచి ఏదో బల్ల మీద రాలింది. ఒక పాత తూటా నోరు విచ్చుకుంది. రాలినవి మిరియాలంత లేవు. ఆవాలు. నల్లటి, బరువైన ఆవాలు.

నంబరు పెద్దదైతే గుండు చిన్నదని అప్పుడు అర్థమైంది. బట్టల మిల్లులో నూలుకూ ఇదే లెక్కట. ఆ సంగతి తరవాత ఎవరో చెప్పారు. అప్పుడు చెప్పినా వినే స్థితిలో లేను. ఎందుకంటే దూరంగా విమానం చప్పుడు మొదలైంది.

పరిగెత్తాను. ఆఫీసు గది నుంచి ఆ గోడ దాకా వంద అడుగుల పైన. రెండు వైపులా బస్తాల వరసలు. మధ్యలో మనిషి పట్టేంత దారి. "ఆగండి! పెద్దాయనా, ఆగండి!" అని అరుస్తూనే ఉన్నాను. మోత పెరిగింది. నా గొంతు నాకే వినపడలేదు. రేకులు అదరడం మొదలైంది. ముసలాయన బస్తాకు మోచేయి ఆనించి, తుపాకి భుజానికి ఎత్తి ఉన్నాడు. దూలం మీద మూడు పావురాలు. వాటి కింద గోడ. గోడ అవతల వీపు.

ఆయన వెనక ఐదడుగుల దూరంలో ఆగిపోయాను. ముట్టకూడదు. ముట్టుకుంటే ఉలిక్కిపడతాడు. ఎదురుగా వెళ్లడానికి దారి లేదు. మోత సరిగ్గా నెత్తిమీదికి వస్తోంది, ఆయన తల కొంచెం వంచాడు.

కాలి చెప్పు తీసి విసిరాను.

కాలేజీ క్రికెట్లో బంతి రాని వైపు నిలబెట్టేవారు నన్ను. పావురాలకు గురిపెట్టిన చెప్పు వాటికి గజం కింద రేకు గోడకు తగిలింది. ఆ చప్పుడు నాకు వినపడలేదు. పావురాలకు వినపడినట్టుంది. మూడూ లేచిపోయాయి.

ముసలాయన ఎగిరే పిట్టను కొట్టడు. తుపాకి దించాడు. విమానం దిగిపోయింది. అప్పుడు వెనక్కి తిరిగి నన్నూ, నా ఉత్త కాలినీ చూశాడు.

"ఏంది సారూ, మీ దిక్కు పిట్టలను చెప్పులతోని కొడ్తరా?"

"ఆ తూటా తీసేయండి" అన్నాను. "దొడ్డుది. నేనే తప్పు రాశాను."

ఆయన గొట్టం కిందికి మడిచి తూటా తీశాడు.

అంతలో గోడ అవతల నుంచి అక్క వచ్చింది. "ఎవడ్రా నా వీపెనక గోడ కొట్టింది?" అంటూ, గోడ కింద పడ్డ నా చెప్పు తీసి చేతిలో పట్టుకుని నిలబడింది. చెప్పాను. మొత్తం చెప్పాను, నంబర్లతో సహా. అలాంటి సంగతి క్లుప్తంగా చెప్పడం కుదరదు.

ముసలాయన పెరట్లోకి నడిచాడు. పాత రేకు ముక్క ఇంకా అక్కడే ఉంది. తరవాతి విమానం వచ్చేదాకా ముగ్గురం నిలబడ్డాం. అంత నెమ్మదిగా విమానం రావడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చాక, నేనిచ్చిన తూటాతోనే కాల్చాడు.

పాత సొట్టల మధ్య నుంచి అవతలి తుమ్మచెట్టు కనపడింది. అక్క వంగి ఒక చిల్లులో పుల్ల దూర్చి చూసింది. పుల్ల అవతలికి వచ్చింది.

"ముప్పై ఏండ్ల సంది ఒక్క మనిషికి తగలలే సారూ" అన్నాడు ముసలాయన, నా వైపు చూడకుండా. "నీ చదువు చేతిల వడి తగులుతుండె. ఏ డబ్బాదో అడగకుండ గొట్టంల వెట్టిన, నాది గూడ తప్పే." రెండు డబ్బాలూ తువ్వాలులో మూటకట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. మేనేజరు రెండుసార్లు కబురు పంపినా రాలేదు.

అక్క ఆ రేకు ముక్కను మోసుకుని నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లింది. ఆయన కుర్చీ వెనక గోడకు నిలబెట్టి, "జర ఆనుకొని కూసోండ్రి సార్" అంది. ఆమె అన్నది అంతే. ఆయన వారం రోజులు వెనక్కి వాలలేదు. ఆలోచిస్తున్న పై ఆఫీసుకు ఏం రాశాడో తెలియదు. ఎనిమిదో రోజు వలలు వచ్చాయి.

వలలు కట్టాక పావురాలు రాలేదు. గోడ వైపు నుంచి ఇక ఏ భయమూ లేదు. అక్క మాత్రం గది నడిమధ్యకు జరిగి కూర్చుంది, వీపుకు ఆధారం లేకుండా. మధ్యమధ్యలో నడుం పట్టుకుని లేచేది. రెండు రోజులు చూశాను. మూడోరోజు నా కుర్చీ పంపించాను.

ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, తలుపు దగ్గర నిలబడిన నాతో అంది: "దీని మీద ఏం రాయలే గద సారూ?"

రాయలేదన్నాను. అప్పుడు కూర్చుంది.