బాపు లైసెన్స్ నంబరు

మా నాన్నను మేం బాపు అంటాం. పద్దెనిమిదేళ్లు లారీ నడిపాడు. కరీంనగర్ వైపు నుంచి సూరత్‌కు మగ్గాల పనికి వచ్చి, ఆ చప్పుడు పడక స్టీరింగ్ పట్టాడు. చీరల బేళ్లు ఎక్కించుకుని నాగపూర్ దాకా పోయేవాడు. గుజరాత్‌లో మందు నిషేధం, సరిహద్దు దాటాక తాగుతాడని మాకు తెలుసు. బండి ఆపి పడుకునే ముందే తాగుతానని అమ్మకు ఒట్టేసేవాడు. ఒకసారి తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం అన్నంతోపాటు తాగి బండి తీశాడు. సరిహద్దుకు ముందే, నవాపూర్ దగ్గర పోలీసులు ఆపి మిషన్‌లో ఊదించారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కోర్టు జరిమానా వేసింది, లైసెన్స్ ఆరు నెలలు ఆపేశారు. ఓనరు పనిలోంచి తీసేశాడు.

ఆ రోజు నుంచి బాపు చుక్క ముట్టలేదు. లైసెన్స్ తిరిగొచ్చింది. కానీ సూరత్ పక్కన కడోదరాలో ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లినా ఒకటే మాట, ఫోన్ చేస్తామని. ఎవరూ చేయలేదు.

నేను అక్కడే ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటర్ పని చేసేదాన్ని. కొత్త డ్రైవర్ వస్తే లైసెన్స్ నంబరు కొట్టి, పాత కేసులున్నాయేమో చూసి మా ఓనరు సేఠ్‌కు చెప్పడం నా పని. ఎంతమందిని అలా వెనక్కి పంపానో. వాళ్ల ముఖాలు ఎప్పుడూ తలెత్తి చూడలేదు.

ఒక ఉదయం బాపు మా ఆఫీసుకే వచ్చాడు. అడగడానికి ఇంకో ఆఫీసు మిగల్లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను ఎరగనట్టే సేఠ్‌కు నమస్తే పెట్టాడు. సేఠ్ ఆయన లైసెన్స్ నాకు అందించాడు. నంబరు కొట్టాను. కేసు తెర మీదికి వచ్చింది.

"క్యా ఆయా?" ఏమొచ్చిందని అడిగాడు సేఠ్.

"సాఫ్ హై," అన్నాను, ఏ కేసూ లేదన్నట్టు.

ఎల్లుండి నుంచి రమ్మన్నాడు సేఠ్. బాపు కదల్లేదు.

"కేసున్నది సేఠ్," అన్నాడు హిందీలో. "తాగి నడిపిన. ఈమె నా బిడ్డ. నా మీద పాయిరంతోని అబద్ధం చెప్పింది. ఆమె నౌకరీ తియ్యకు."

ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరని సేఠ్ లైసెన్స్ తిరిగి ఇచ్చేశాడు. నా ఉద్యోగం తీయలేదు. లైసెన్సులు చూసే పని మాత్రం వేరేవాళ్లకిచ్చి, నన్ను బిల్లుల మీద వేశాడు.

బయటికి పరుగెత్తాను. "ఎందుకు చెప్పినవ్ బాపూ? పని దొరికేది గదా!"

"రేపు బండికేమన్నయితే కాయితాలు తీస్తరు. నిన్నే అడుగుతరు. తాగింది నేనాయె, నువ్వెందుకు తల దించుకోవాలె? లోపలికి పో బిడ్డా, పని జూస్కో."

రోడ్డు మీదే ఏడ్చాను. ఆయన బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఇప్పుడు బాపు రింగ్ రోడ్ మార్కెట్లో బేళ్లు మోసి లారీలకు ఎక్కిస్తున్నాడు. మొన్న ఎవరో కొత్త డ్రైవర్ ఇరుకు గేటులో బండి తిప్పలేక అవస్థ పడుతుంటే, "జర దిగు" అని తానెక్కి ఒక్క తిప్పుతో లోపల పెట్టి, దిగి మళ్లీ బేలు ఎత్తుకున్నాడట. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి నవ్వాడు. అమ్మ నవ్వలేదు.