దవాఖానలో చుట్టం

ఫినాయిల్ వాసన తగిలితే ఇప్పటికీ నాకు అమ్మ చెప్పులే గుర్తొస్తాయి.

నిజాం పాలన చివరి రోజులవి. నాయన వరంగల్ మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. అమ్మను దవాఖానలో చేర్చిన రోజు, ఏడుస్తున్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"హాస్పిటల్, హాస్పిటాలిటీ ఒక్క తీరుగ లేవా బిడ్డా? రెండూ ఒక్క లాటిన్ మాటలకెల్లి పుట్టినయ్. ఆ మాటకు చుట్టమని అర్థం. అమ్మ ఆ దవాఖానల చుట్టమే. ఫికర్ చెయ్యకు."

మా ఇంటికొచ్చిన చుట్టాలు వెళ్లిపోకుండా పిల్లలం వాళ్ల చెప్పులు దాచేవాళ్లం. మరునాడు దవాఖానకు వెళ్లి చూస్తే మంచం కింద అమ్మ చెప్పులు లేవు. నర్సు మీద అరిచాను.

"సిస్టరమ్మా, మా అమ్మ చెప్పులెందుకు దాసినవ్? ఇచ్చెయ్, ఇంటికి రావాలె!"

ఆమె తల ఎందుకు తిప్పుకుందో అప్పుడు తెలియలేదు.

వారం తిరక్కముందే నాయన ఒక్కడే ఇంటికొచ్చాడు. నేనడిగిన చెప్పులు ఆయన చేతిలో ఉన్నాయి.