మునకోళ్ల వీధి

మా వీధివాళ్ల పాత ఫోటోలన్నీ ఒకచోట చేరుద్దామని నేను అడిగితే, మా మేనత్త ఆళ్లగడ్డ నుంచి ఒక ఫోటో తెచ్చింది. అవ్వ పోయాక ఆమే దాన్ని చీరల మధ్య దాచింది. కలరా ఉండల వాసన కొడుతున్న ఆ ఫోటో చూడగానే నాకు రెండో తరగతి గుర్తొచ్చింది.

డ్యామ్ నీళ్లలో ఊరు మునిగాక మావాళ్లంతా నంద్యాల చివర గుడిసెలు వేసుకున్నారు. అందరూ ఆ చోటును 'మునకోళ్ల వీధి' అనేవారు. బడిలో సారు "మీది ఏ ఊరు?" అంటే, అవ్వ చెప్పే ఊరి పేరే చెప్పాను.

"ఆ ఊరే లేదు. అబద్ధాలు చెప్పొద్దు" అని నన్ను బెంచీ ఎక్కించాడు.

ఊరే లేకపోతే మా నాయన నీళ్లలో పుట్టాడేమోనని భయపడి, ఇంటికెళ్లి అవ్వను అడిగాను. మరునాడు అవ్వ, అప్పట్లో గోడమీదుండే ఈ ఫోటోనే తీసుకుని బడికొచ్చింది. అందులో మా పాత ఇంటి ముందు తాత, ఆయన చంకలో పసిబిడ్డగా మా నాయన.

"ఏంది సారూ, మా ఊరు లేదంటాండావంట? ఈ ఇల్లు యాడిది మరి? మీకు నీళ్లు కావాలంటే ఇడిచిపెట్టి వస్తిమి. ఇప్పుడు ఊరే లేదంటావా?"

సారు ఫోటో చూశాడు. "సరేలేమ్మా, పో" అన్నాడు. తప్పైందని మాత్రం అనలేదు.

ఆ రోజు అవ్వ గెలిచిందనుకుని సంబరపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది. ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న మనిషి, తనకూ ఒక ఊరుండేదని బడి గుమ్మంలో నిలబడి రుజువు చూపించుకోవాల్సి వచ్చింది. లోపలికి రమ్మని కూడా ఎవరూ అనలేదు.