ముల్లు మీద రూపాయి బిళ్ల

మైకుసెట్టు పర్వతాలు నోటికి శామీర్‌పేటలో జడవని వాళ్లు లేరు. మైకు పట్టుకుని "హలో, హలో" అన్నా ఎవరినో తిడుతున్నట్టే ఉండేది. అరవై ఎనిమిదేళ్లు మీదపడ్డా ఆ గొంతు తగ్గలేదు. తగ్గింది అతని భార్య సుక్కమ్మ గొంతు. నాలుగేళ్ల కిందట థైరాయిడ్ ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు మాట గుసగుసగా తప్ప రావడం లేదు. ఒకప్పుడు ఆమె పాట ఎత్తుకుంటే నాటేసే ఆడవాళ్లంతా వంగిన నడుము నొప్పి మరిచిపోయి వంత పాడేవాళ్లు.

అలాంటి పాట విషయంలో పర్వతాలుకు ఒళ్లు మండేలా చేసింది ఒక గోడ గడియారం. దేవరయాంజాల్ దారిలో కొత్తగా వెలిసిన రిసార్టులో ఎవరిదో పుట్టినరోజు దావత్‌కు మైకు పెట్టడానికి వెళ్లాడు. భోజనాల హాలులో పాత గ్రామఫోన్ రికార్డులను గడియారాలుగా మార్చి గోడకు వరసగా తగిలించారు. వాటిలో ఒక చిన్న రికార్డు నడుమ కాగితం మీద "నాటు పాటలు, శామీర్‌పేట మహిళా బృందం" అని ఉంది. ఇరవై ఏళ్ల వయసులో, పట్నం నుంచి కంపెనీ వాళ్లు వచ్చి అడిగితే సుక్కమ్మ పాడిన రికార్డు అది. ఆ పాపాత్ములు కాగితం మీద ఆమె పేరైనా వేయలేదు. ఇప్పుడు వీళ్లు దాని బెజ్జం పెద్దది చేసి, ముళ్లు గుచ్చి, టైము చూసుకుంటున్నారు!

అరికాలి మంట నెత్తికెక్కింది. మేనేజరు ధర్మేందర్‌ను పిలిచి నలుగురి ముందూ కడిగేశాడు.

"మనిషి గొంతు రా అది! గొంతుల మొల కొట్టి గోడకు ఏలాడదీస్తరా? సిగ్గున్నదా మీకు?"

ధర్మేందర్ అతని వయసుకు మర్యాదిచ్చి, డెకరేషన్ వాళ్లు ఎక్కడో పాత సామాన్ల దుకాణంలో కొన్నారని చెప్పబోయాడు. పర్వతాలు వింటేగా! మా ఇంట్లో ఇలాంటిది ఇంకొకటి ఉంది, చచ్చినా మళ్లీ నీ గోడ మొహం చూడనని అరిచి, దావత్ మొదలు కాకముందే వైర్లు చుట్టుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి చెబితే కోడలు భవిత నవ్వింది. కాపురానికి వచ్చి రెండేళ్లే అయిన పిల్ల, అత్త నోట గుసగుస తప్ప ఏమీ విని ఎరగదు.

"అత్తమ్మ పాడిందా? ఊకో మామా."

పాపం, ఆ పిల్ల ఎగతాళికి అనలేదు. సుక్కమ్మ మాత్రం చేటలో బియ్యం వైపు తల దించుకుంది. ఆ దించుకోవడం చూసి పర్వతాలు పంతం పట్టాడు. వారం తిరగకముందే నీ అత్త పాట నీకు వినిపించకపోతే నన్ను పేరు పెట్టి పిలువు అన్నాడు.

రికార్డు ఉంది, ఇనప్పెట్టెలో చీర మడతల మధ్య. దాన్ని తిప్పే మిషనే లేదు. పెన్‌డ్రైవులు వచ్చిన కొత్తలో తన రికార్డ్ ప్లేయర్‌నూ మిగతా రికార్డులన్నిటినీ తూకానికి అమ్మేసిన ఘనుడు ఈయనే. ఆ సంగతి రిసార్టులో మాత్రం అనలేదు.

మేడ్చల్‌లో ఒక సందులో అదీబ్ అనే అతను జపాన్ నుంచి వచ్చే పాత ప్లేయర్లను బాగుచేసి అమ్ముతాడని తెలిసి వెళ్లాడు. చెక్క పెట్టె, బరువైన పళ్లెం, సన్నటి గొట్టంలాంటి చెయ్యి ఉన్న ప్లేయర్ ఒకటి చూడగానే నచ్చింది. పేచీ ముల్లు దగ్గర వచ్చింది. ముల్లును పట్టుకుని ఉండే చిన్న డబ్బీ ఉంటుంది, కార్ట్రిడ్జ్ అంటారు. పర్వతాలు అమ్మేయగా తన దగ్గర మిగిలిపోయిన పాతదాన్ని రుమాల్లో కట్టి తెచ్చి ఇదే బిగించమన్నాడు. అదీబ్ బిగించనన్నాడు. ఆ రకం ఐదారు గ్రాముల భారంతో నొక్కితేనే పాడుతుందని, ఈ సన్నటి చేతికి ఒకటిన్నర గ్రాములతో ఆనే మెత్తటి ముల్లే పొసగుతుందని, దాని పలుకు సన్నగా ఉంటుంది కాబట్టి ఆంప్లిఫయర్‌కు ముందు ఇంకో చిన్న పెట్టె కలపాలని ఓపిగ్గా చెప్పాడు. ఇదంతా పైసలు గుంజే ఉపాయమని పర్వతాలు ఇంతెత్తున ఎగిరాడు. నువ్వు పుట్టకముందు నుంచి నేను రికార్డులు తిప్పుతున్నానన్నాడు. అదీబ్ అన్నీ పడ్డాడు.

"ఎంతన్న తిట్టుండ్రి చాచా. గని నేను పెట్టిన భారం మీద మాత్రం చెయ్యి పెట్టకుండ్రి."

గొణుక్కుంటూనే అదీబ్ చెప్పిన డబ్బీ, పెట్టె కొన్నాడు. ఆఖరి మాట మాత్రం చెవిన వేసుకోలేదు.

ఆదివారం పొద్దున భవితను ఎదురుగా కూర్చోబెట్టాడు. సుక్కమ్మ మంచి చీర కట్టుకుని గడప పక్కన కూర్చుంది. రికార్డు తిరిగింది. ముందు చిటపటలు, తర్వాత ఆడవాళ్ల వంత. సుక్కమ్మ గొంతు లేవాల్సిన చోట ముల్లు ఎగిరి వెనక్కి పడింది. మళ్లీ వంత, మళ్లీ ఎగిరింది. భవిత నవ్వు ఆపుకుంటోందని పర్వతాలుకు అనిపించింది. అంతే, చెయ్యి తనంతట తానే పాత మైకు సామాన్ల డబ్బాలోకి పోయింది. పెళ్లి పందిళ్లలో బల్ల ఊగి ముల్లు ఎగిరినప్పుడల్లా అతను చేసిన పని ఒక్కటే, ముల్లు తల మీద పాత పెద్ద రూపాయి బిళ్ల పెట్టడం. పెట్టాడు.

ముల్లు చతికిలబడింది. డబ్బీ కరకరమంటూ రికార్డును గీరుకుంటూ పోయింది. చప్పుడు ఎక్కడిదో తెలియక అతను ఆంప్లిఫయర్‌ను చరిచాడు, వైర్లు పీకి మళ్లీ పెట్టాడు, అదీబ్‌ను, అదీబ్ దుకాణాన్ని, జపాన్ దేశాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆపమని సుక్కమ్మ అంటూనే ఉంది. అంత అరుపులో ఆ గుసగుస ఎవరికి వినపడుతుంది? అతని తిట్లు అయిపోయేసరికి పాట కూడా అయిపోయింది.

ప్లేయర్‌ను ఆటోలో వేసుకుని మేడ్చల్ పోయి, వీధంతా వినేలా అదీబ్ మీద విరుచుకుపడ్డాడు. అదీబ్ వంగిపోయిన ముల్లును చూసి, దీని మీద ఏం పెట్టారని మాత్రం అడిగాడు. పర్వతాలు జేబులోంచి బిళ్ల తీశాడు. ముల్లు భారం చూసే చిన్న కాంటా మీద అదీబ్ దాన్ని పెట్టాడు. ఎనిమిది గ్రాములు చూపించింది. ఆ తర్వాత రికార్డును వెలుతురుకు ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇగ ఇది పాడది చాచా. ఇంకోటి ఉన్నదా?"

ఉంది గానీ నడుమ బెజ్జం పెద్దది చేసి గడియారం చేశారని పర్వతాలు నసిగాడు.

"నడుమ కాయితం పోతె ఏమైతది? పాట చుట్టూతా ఉంటది. వాళ్లు పాటను ముట్టుకోలే."

పర్వతాలుకు చెంప మీద కొట్టినట్టయింది. కోపం మామూలుగా రాలేదు. అయితే ఈసారి తిట్టడానికి తను తప్ప ఇంకెవరూ మిగల్లేదు. పాటకు మొల కొట్టారని ఊరంతా టాంటాం చేసినవాడు, దాన్ని తన చేత్తోనే దున్నేశాడు.

రిసార్టు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, మేనేజరును పిలవమని మెల్లగా అడిగాడు. ధర్మేందర్ వచ్చి, మళ్లీ గొడవకేనేమో అన్నట్టు నిలబడ్డాడు.

"మొన్న తిట్టినోన్ని నేనే. మా ఇంట్ల ఉన్నదాన్ని నేనే ఖరాబ్ జేసిన. గా గడియారం ఇయ్యి బిడ్డా."

ధర్మేందర్ కుర్చీ ఎక్కి దాన్ని దింపాడు. సెల్ అయిపోయి ఏడాదైందని, ఎవరూ దాంట్లో టైము చూడటం లేదని చెప్పాడు.

అదీబ్ ఇంటికే వచ్చి కొత్త ముల్లు బిగించాడు, బెజ్జంలో ఒక రింగు కూర్చాడు. సుక్కమ్మ మొగుణ్ణి ప్లేయర్ దగ్గరికి రానివ్వలేదు. ముల్లు తనే దించింది. వంత మొదలైంది, కొంచెం ఊగుతూ. పాట ఎత్తుకునే చోట ముల్లు వణికింది. పర్వతాలు చెయ్యి జేబు వైపు పోయింది. సుక్కమ్మ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

గొంతు లేచింది. భవిత ప్లేయర్‌ను చూసింది, అత్తను చూసింది, మళ్లీ ప్లేయర్‌ను చూసింది. ఇది మా సుక్కమ్మే అని పర్వతాలు అరవబోయాడు.

"ఇప్పుడన్న నోరు మూసుకొని ఇను" అంది సుక్కమ్మ.

ఈసారి ఆ గుసగుస అతనికి వినపడింది.