పోశానికిచ్చిన పేరు

నమ్మకపోతే లేచి వెళ్లిపోండి, నాకేం బాధలేదు. మధ్యలో మాత్రం నవ్వొద్దు. ఇది ఎవరో చెబితే విన్నది కాదు. పోయిన చలికాలం బెల్లంపల్లిలో, నా ఈ రెండు చెవులతో విన్నాను. ఆ రాత్రి నేను తాగలేదు. ఒట్టు ఎవరి మీద వేయమంటారు? మా అవ్వ మీద వేస్తాను.

ముందు పోశం సంగతి చెప్పాలి. మా బాపు అక్కడే బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు. జబ్బుచేసి ఇక పనిచేయలేడని డాక్టర్లు రాసిస్తే ఆ ఉద్యోగం కొడుక్కి ఇస్తారు. బాపు అట్లా ఉద్యోగం వదిలేశాడు. నాకేమో బాయిలోకి దిగాలంటే ప్రాణభయం. క్వార్టర్ల వెనక గుడిసెలో ఉండే పోశం నా దోస్తు, తిండికి లేనివాడు. "నీ పేరు నాకియ్యిరా, నేను దిగుత" అన్నాడు. నా స్కూలు సర్టిఫికెట్ ఇచ్చేశాను. రాసుకోవడానికి పెన్ను ఇచ్చినట్టు ఇచ్చాను. అప్పట్లో అట్లా మారుపేర్లతో దిగినవాళ్లు ఇంకా ఉండేవారు.

ఆనాటి నుంచి వాడే రాజలింగు. నేను కరీంనగర్ వచ్చి మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నాను. మళ్లీ ఆ ఊరికి పోలేదు. ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే ఇద్దరం దొరికిపోతామని భయం. "ఒక్కసారి వచ్చిపోరాదురా" అని పోశం ఎన్నిసార్లు అడిగాడో. రేపు, ఎల్లుండి అంటూ ఇరవై ఎనిమిదేళ్లు దాటించాను. సిగ్గులేని మనిషిని, ఒప్పుకుంటాను.

చివరికి మా ఇంకో దోస్తు ఓదెలు ఫోన్ చేశాడు. "పోశానికి ఊపిరాడుతలేదు. నిన్నే యాది చేస్తుండు. వస్తే రా, లేకుంటే నీ ఇష్టం." ఫోన్ ఆపేసి రెండు రోజులు ఆలోచించాను. తర్వాత బస్సెక్కాను.

చీకటి పడ్డాక దిగాను. బస్టాండ్‌లో ఓదెలు నా ముఖం కూడా సరిగ్గా చూడలేదు. "నిన్న పొద్దుగాల పోయిండు. కాలబెట్టి వచ్చినం. నీ ఫోన్ కలువలే" అన్నాడు.

వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టారు. పోశం ఫొటో... మీసాలు నెరిసినా అదే నవ్వు. కింద పెద్ద అక్షరాలతో నా పేరు. కన్నీటి శ్రద్ధాంజలి, రాజలింగు. ఆగి రెండుసార్లు చదివాను.

"ఏం చూస్తున్నవ్? ఇచ్చింది నువ్వే గదా" అన్నాడు ఓదెలు. నన్ను పోశం క్వార్టర్ దగ్గర వదిలి వెళ్లిపోయాడు.

పోశం భార్య సుజాత ఏడవలేదు. మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"అన్నా, రేపు మూడొద్దులు. పిట్టకు పెడ్తం" అంది. మూడో రోజున పోయినవాడికి ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, పేరు పెట్టి పిలుస్తారు. కాకి ముడితే పోయినవాడు తృప్తిపడ్డట్టు. "అందరు రాజలింగు అనే పిలుస్తరు. గా పేరు ఆయనది గాదు. నువ్వొక్కసారి అందరి ముంగట పోశం అని పిలువు. నేను పిలిస్తే పిచ్చిదంటరు. అసలు రాజలింగువు నువ్వు. నువ్వు పిలిస్తే నిజమైతది."

"పింఛను పోతది చెల్లే."

"పోనియ్యి."

నా మీద కేసు అవుతుందన్న మాట మాత్రం బయటికి అనలేదు. "పొద్దుగాల చూద్దాం తీ" అని ముందు గదిలో చాప పరుచుకున్నాను.

నిద్ర ఎక్కడిది. ఆ వరుసలో మూడు క్వార్టర్లలోనే మనుషులున్నారు. మిగతా వాటికి తలుపులు కూడా లేవు. నాలుగు అయి ఉంటుంది... కంకర మీద బూట్ల చప్పుడు. కర్ర్... కర్ర్... తొందర లేదు. రోజూ నడిచే దారిలో నడిచినట్టే ఉంది. మధ్యలో దగ్గు. బొగ్గు మింగినవాళ్ల దగ్గు, మా బాపు అట్లాగే దగ్గేవాడు. చప్పుడు మా తలుపు దగ్గర ఆగింది. తలుపు కింది సందులోంచి లైటు వచ్చింది... నేల మీద మెల్లగా పాకి... నా చాప అంచు దాకా వచ్చి ఆగింది.

"రాజలింగూ..."

మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు ఇంటింటికీ ఆగి ఒకరినొకరు లేపుకుని పోయేవారు. చిన్నప్పుడు రోజూ విన్న పిలుపే. భయపెట్టే గొంతు కాదు. అందుకే ఇంకా భయమేసింది. రాత్రిపూట ఒక్క పిలుపుకు పలకొద్దని అవ్వ చెప్పేది. ఊపిరి బిగబట్టాను.

"రాజలింగూ... యాళ్లయితంది. లెవ్వు."

ఎవరిని పిలుస్తున్నట్టు? ఆ పేరుతో ఇన్నేళ్లు లేచి డ్యూటీకి పోయినవాడు మొన్న కాలిపోయాడు. ఆ పేరుతో పుట్టినవాణ్ని నేను, ఇక్కడ చాప మీద ఉన్నాను. లైటు కదలలేదు. దగ్గు లేదు. నా జవాబు కోసం అవతల ఎవరో... నిలబడే ఉన్నారు.

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది. "రాజలింగు లేడు... చచ్చిపోయిండు."

తర్వాత లైటు ఆరిపోయింది. బూట్లు వెనక్కి పోయిన చప్పుడు మాత్రం... నాకు వినపడలేదు.

తిరిగి చూస్తే లోపలి గుమ్మంలో సుజాత. ఎప్పట్నుంచి నిలబడిందో.

"నీకు గూడ వినవడ్డదా?" అన్నాను.

"చీకట్ల గూడ చెప్పకపోతివి గదనే అన్నా. ఇనేటోళ్లు ఎవరున్నరు? గాయన రాజలింగు గాదు, పోశం అని ఒక్క మాట అంటే నీదేం పోతుండె?"

తెల్లారకముందే సంచీ తీసుకుని మొదటి బస్సెక్కాను. అవును, పారిపోయాను. తిట్టాలనుకుంటే తిట్టండి.

ఆ దిక్కున బాయి మూసేసి ఏళ్లయింది. ఆ వరుసలో షిఫ్టుకు పోయేవాడు ఒక్కడూ లేడు. వాచ్‌మనేమో, తాగుబోతేమో అని నాకు నేనే చెప్పుకుంటాను. పోశం గొంతు కాదు, అదొక్కటి ఖాయం అనుకునేవాణ్ని. ఈమధ్య అదీ ఖాయంగా అనలేకపోతున్నాను.

ఆ సాయంత్రమే ఓదెలు ఫోన్ చేశాడు.

"పొద్దుగూకేదాంక కూసున్నం. ఒక్క పిట్ట ముట్టలే."

"ఏమని పిలిచిండ్రు?" అన్నాను.

"ఇంకేమని పిలుస్తం? గొంతులు పోయేదాంక అందరం నీ పేరే పిలిచినం."